మంత్రి మైకు ముందు "తీసేశాం" అంటే జిల్లా వైద్యాధికారి ఉద్యోగం పోయినట్టేనా? ఒడిశా, మహారాష్ట్ర రూల్స్ తెలిసినవాళ్లు చెప్పండి

నాగావళి గట్టు (రాయగడ)

ఏ జిల్లాలో అతిసారం ప్రబలినా వరస ఒకటే. మంత్రి దిగుతారు. ఆసుపత్రి వరండాలో మైకులు పెట్టగానే "జిల్లా వైద్యాధికారిని తీసేస్తున్నాం" అంటారు. రాత్రికి టీవీ స్క్రోలింగులో బర్ఖాస్తు. కొన్నాళ్లకు ఆ ఆఫీసరే పక్క జిల్లాలో అదే హోదాలో కనిపిస్తారు. జనానికి మిగిలేది "మేనేజ్ చేసుకున్నాడు" అన్న మాటే.

ఆ మాట సరే, రూలేంటో తెలుసుకోవాలని ఉంది. సీడీఎం అండ్ పీహెచ్‌ఓ (జిల్లా ముఖ్య వైద్య, ప్రజారోగ్యాధికారి) స్థాయి మనిషిని గానీ, భువనేశ్వర్‌లో కూర్చునే డైరెక్టర్‌ని గానీ ఆరోగ్యశాఖ మంత్రి నిజంగా ఉద్యోగం నుంచి తీసేయగలరా? కలెక్టర్‌కి ఎంతవరకు అధికారం ఉంది? తీసేసినవి కోర్టులో ఎందుకు నిలబడవు? సిరొంచ, చంద్రపూర్ వైపు వాళ్లుంటే మహారాష్ట్ర పద్ధతి కూడా చెప్పండి. ఆర్టీఐ వేయాలనుకుంటే ఏ కాగితం అడగాలో కూడా ఎవరైనా రాస్తే మేలు.

వంశధార (గుణుపురం)

అధికారం ఉందండి. కాకపోతే అది ఫైలు మీదే పనిచేస్తుంది.

ముందు మూడు మాటలు విడదీయాలి. సస్పెన్షన్ శిక్ష కాదు. విచారణ జరిగేటప్పుడు మనిషిని కుర్చీకి దూరంగా ఉంచడం, అంతే. జీతం బదులు జీవనభృతి వస్తుంది, ఉద్యోగం ఉన్నట్టే. బదిలీ కూడా శిక్ష కాదు. నిజంగా ఉద్యోగం పోయేవి రెండు: రిమూవల్, డిస్మిసల్. రెండింటిలోనూ పెన్షన్ పోతుంది. డిస్మిసల్ అయితే మామూలుగా మళ్లీ సర్కారు కొలువుకి పనికిరారు, రిమూవల్‌కి ఆ అడ్డు లేదు. ఒడియా పేపర్లో "నిలంబన్" (అంటే సస్పెన్షన్) అని పడ్డది మన నోట్లోకి వచ్చేసరికి "బర్ఖాస్తు" అయిపోతుంది. మీరు చెప్పిన "పక్క జిల్లాలో అదే హోదా" కథల్లో చాలావాటికి అసలు కారణం ఇదే, ఆ మనిషిని మొదట్నుంచీ ఎవరూ తీసెయ్యలేదు.

ఇక అధికారం ఎవరిది? రాజ్యాంగం 310వ అధికరణ ప్రకారం రాష్ట్ర సర్వీసు ఉద్యోగి గవర్నర్ ఇష్టం ఉన్నంతకాలమే ఉంటాడు. 311(1) దానికి కళ్లెం వేసింది: నియమించిన అధికారి కంటే కిందివాళ్లు ఎవరూ డిస్మిస్ గానీ రిమూవ్ గానీ చేయకూడదు. ఒడిశా మెడికల్ అండ్ హెల్త్ సర్వీస్ కేడర్ డాక్టర్లను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. కాబట్టి కలెక్టర్ తీసేయలేడు, డైరెక్టరూ తీసేయలేడు. కలెక్టర్ చేయగలిగింది రిపోర్టు రాసి ఆరోగ్యశాఖకు పంపడం.

ప్రభుత్వం అంటే మంత్రే కదా అనొచ్చు. నిజమే, 1974 షంషేర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే, గవర్నర్ సొంత ఇష్టం ఏమీ లేదు, మంత్రివర్గం సలహా ప్రకారమే నడవాలి. బిజినెస్ రూల్స్ ప్రకారం ఫైలు శాఖ ఆఫీసులోని సెక్షన్ నుంచి కార్యదర్శికి, అక్కణ్ణుంచి మంత్రికి, స్థాయిని బట్టి ముఖ్యమంత్రికి వెళ్తుంది. అయితే ఫైలు మీద మంత్రి రాసిన నోటింగు కూడా ఆర్డరు కాదు. దీని మీద పాత తీర్పు ఒకటుంది, బచ్చితర్ సింగ్ కేసు, 1962 నాటిది. పెప్సూ అనే అప్పటి రాష్ట్రంలో రెవెన్యూ మంత్రి ఒక ఉద్యోగి డిస్మిసల్‌ని తగ్గించమని ఫైల్లో రాశారు. ఆ మాట ఉద్యోగికి కాగితం రూపంలో అందకముందే రాష్ట్రం పంజాబ్‌లో కలిసిపోయింది, ముఖ్యమంత్రి డిస్మిసల్‌నే ఖాయం చేశారు. గవర్నర్ పేరుమీద ఆర్డరై సంబంధిత మనిషికి చేరేదాకా నోటింగు ఎన్నిసార్లయినా మారొచ్చు అని కోర్టు తేల్చింది. నోటింగుకే ఆ గతి పడితే మైకు మాట సంగతి చెప్పక్కర్లేదు.

అసలు ఆర్డరు చేతికొస్తే కిందనుంచి పైకి చదవండి. చివర "గవర్నర్ ఆదేశం మేరకు" అని, దాని కింద అధీకృత అధికారి సంతకం, అండర్ సెక్రటరీయో అడిషనల్ సెక్రటరీయో. మంత్రి సంతకం ఆ కాగితం మీద ఎక్కడా ఉండదు. తర్వాత పైన ఏ రూల్ కింద ఇచ్చారో చూడండి. ఒడిశా సివిల్ సర్వీసెస్ క్లాసిఫికేషన్, కంట్రోల్ అండ్ అప్పీల్ రూల్స్, 1962. రూల్ 12 అని ఉంటే సస్పెన్షన్. రూల్ 15 కింద నడిచిన విచారణ గురించి రాసి ఉంటేనే పెద్ద శిక్ష. రూల్ 16 చిన్న శిక్షలది, మందలింపు, ఇంక్రిమెంటు కోత లాంటివి.

జైపూర్ రోడ్ (కోరాపుట్)

విచారణ జరపకుండా తీసేయకూడదని చెప్పే 311(2)లోనే, విచారణ లేకుండా కూడా తీసేయొచ్చని మినహాయింపు ఉంది కదండీ, ప్రొవైజో బి? అది వాడితే సరిపోదా?

వంశధార (గుణుపురం)

ఉంది. కోర్టులో శిక్షపడితే క్లాజ్ ఎ, విచారణ జరపడం సాధ్యం కాకపోతే బి, దేశభద్రత అయితే సి. 1985 తులసీరామ్ పటేల్ కేసు దీన్ని సమర్థించింది కూడా. కానీ బి కింద విచారణ ఎందుకు సాధ్యం కాదో శిక్ష వేసే అధికారి ముందే రాతపూర్వకంగా నమోదు చేయాలి. సాక్షుల్ని బెదిరిస్తున్నారు, ఆఫీసు మొత్తం అల్లర్లలో ఉంది, ఇలాంటివి కారణాలు. స్టాకు రిజిస్టరు, పోర్టల్ ఎంట్రీలు, నర్సులు, ఫార్మసిస్టులు అందరూ కళ్ల ముందున్న ఆరోగ్యశాఖ కేసులో "విచారణ సాధ్యం కాదు" అని రాస్తే హైకోర్టులో మొదటి వాయిదాకే ఇబ్బంది. జనం కోపంగా ఉన్నారన్నది ఆ క్లాజుకి కారణం కాదు.

ప్రాణహిత (సిరొంచ)

మా దిక్కు సంగతి జెప్త అన్నా. మహారాష్ట్రల జిల్లాకు ఇద్దరు పెద్ద డాక్టర్లుంటరు. జిల్లా ఆరోగ్య అధికారి జిల్లా పరిషత్‌ల కూసుంటడు, సీఈఓ కింద. సివిల్ సర్జన్, మరాఠీల జిల్లా శల్యచికిత్సక్ అంటరు, ఆయన జిల్లా ఆసుపత్రి జూస్తడు. ఇద్దరూ రాష్ట్ర సర్వీసు గ్రూప్-ఏ. జిల్లా పరిషత్‌ల పనిజేసినంత మాత్రాన సీఈఓకు తీసేసే పవర్ రాదు.

ఇక్కడ ఎక్కువ గడబిడ పాలక్ మంత్రితోని, అంటే జిల్లా ఇన్‌చార్జి మంత్రితోని. జిల్లా నియోజన్ సమితి మీటింగుల ఆయన కోపానికొచ్చి "నిలంబన్ చేయండి" అంటడు, పేపర్ల వస్తది. పాలక్ మంత్రి అన్న హోదాకు క్రమశిక్షణ రూల్స్‌ల ఏ అధికారమూ లేదు. ఆయన మాట ముంబైకి సిఫారసు మాత్రమే. ఫైలు ఆరోగ్యశాఖలనే కదలాలె.

రూల్స్ పేరు మహారాష్ట్ర సివిల్ సర్వీసెస్ డిసిప్లిన్ అండ్ అప్పీల్ రూల్స్, 1979. రూల్ 4 నిలంబన్. రూల్ 8 పెద్ద శిక్షకు విభాగీయ చౌకశీ, అంటే శాఖ విచారణ. రూల్ 10 చిన్న శిక్ష. చార్జి కాగితాలకు జోడ్‌పత్ర 1 నుంచి 4 దాకా ఉంటయి: అభియోగాలు, వాటి వివరం, పత్రాల జాబితా, సాక్షుల జాబితా. నాలుగిట్ల ఒక్కటి తక్కువైనా అక్కడ్నే పట్టుకుంటరు.

బదిలీ కూడా ఇష్టమొచ్చినట్టు కుదరదు. 2005ల వచ్చిన బదిలీల చట్టం ప్రకారం మామూలు గడువు మూడేండ్లు. మధ్యల పంపాలంటే సెక్షన్ 4(5) కింద కారణం రాసి పై అధికారి ముందస్తు మంజూరు తీసుకోవాలె. గ్రూప్-ఏల పై స్కేలు వాళ్ల బదిలీ ముఖ్యమంత్రి చేతిలది, కింది స్కేలు వాళ్లది శాఖ మంత్రిది, అది కూడా కార్యదర్శితోని సంప్రదించినంక. జల్దీల ఇచ్చిన ఆర్డరుల కారణం ఒక్క ముక్క రాయకుంటే మ్యాట్‌ల (రాష్ట్ర ఉద్యోగుల ట్రిబ్యునల్) స్టే వస్తది. గడ్చిరోలి, చంద్రపూర్ వాళ్లకు నాగ్‌పూర్ బెంచి, నాందేడ్ వాళ్లకు ఔరంగాబాద్ బెంచి.

జీవనభృతి సంగతి గూడ జెప్త, దాన్ని ఎవ్వరూ పట్టించుకోరు. మొదట సగం జీతం సెలవుకు ఎంతొస్తదో అంత, దాని మీద డీఏ. మూడు నెలలు దాటినంక, ఆలస్యం ఆఫీసరు వల్ల కాకుంటే, ఆ భృతిని సగం వరకు పెంచొచ్చు. ఇంకెక్కడా పనిజేస్తలేనని నెలనెలా సర్టిఫికెట్ ఇయ్యాలె. ఆఫీసు భృతి ఆపి చౌకశీ నడిపిస్తే ఆ చౌకశీయే చెడిపోయే ప్రమాదముంది, 1999 పాల్ ఆంథోనీ కేసుల సుప్రీంకోర్టు అదే జెప్పింది.

నాగావళి గట్టు (రాయగడ)

చాలా థాంక్సండీ ఇద్దరికీ. ఇంకొకటి. విచారణ సక్రమంగా మొదలుపెట్టినా చివరికి "అభియోగం రుజువు కాలేదు" అని వస్తుంది. జనం చనిపోయారు, ఊరంతా చూసింది. రుజువు కాకపోవడం ఏంటి?

మహేంద్రగిరి (పర్లాకిమిడి)

చార్జ్ మెమో, అంటే అభియోగ పత్రం, రాసే తీరులోనే పోతుందండి. ఎక్కువగా ఇలా రాస్తారు: "వ్యాధి వ్యాప్తిని అరికట్టడంలో విఫలమై నిర్లక్ష్యం వహించారు." ఏ తేదీ? ఏ పని? ఆ పని ఈయనదేనని చెప్పే ఉత్తర్వు ఏది? మూడింటికీ మెమోలో జవాబు లేకపోతే విచారణాధికారి ఏం రుజువు చేస్తాడు.

నిలబడే అభియోగం ఎలా ఉంటుందంటే: ఫలానా తేదీన ఫలానా సబ్‌సెంటర్ ఏఎన్‌ఎం ఒకే ఊరి నుంచి 14 విరేచనాల కేసులని, వ్యాధుల సమాచారం చేరే ఐహెచ్‌ఐపీ పోర్టల్లో ఎక్కించింది. జిల్లా సర్వేలెన్స్ యూనిట్ స్క్రీన్ మీద అదే రోజు కనబడింది. ర్యాపిడ్ రెస్పాన్స్ టీముని పంపే ఆర్డరు నాలుగో రోజున సంతకమైంది. ఆ మూడు రోజులూ అధికారి హెడ్‌క్వార్టర్స్‌లోనే ఉన్నట్టు టూర్ డైరీ చెబుతోంది. ఇది రాస్తే పత్రాల జాబితా దానంతట అదే తయారవుతుంది: పోర్టల్ లాగ్, టీము ఆర్డరు, టూర్ డైరీ, ఓఆర్‌ఎస్, హాలోజన్ మాత్రల స్టాకు రిజిస్టరు. సాక్షులు మాట మారుస్తారేమోనన్న బెంగ తగ్గుతుంది. కింది ఉద్యోగి పై అధికారి మీద నోరు విప్పడం మన దగ్గర ఎంత కష్టమో తెలిసిందే.

రెండో తప్పు, ఇంకో శాఖ పని ఈయన నెత్తిన పెట్టడం. "నీటిలో క్లోరిన్ వేయించలేదు" అని అభియోగం ఉంటుంది. మంచి బ్లీచింగ్ పౌడరు, అంటే 33 శాతం క్లోరిన్ ఉన్నది, వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాములు, గంట ఆగాక లీటరుకు 0.5 మిల్లీగ్రాము మిగలాలి. లెక్క సరే. కానీ ఒడిశాలో పల్లె నీటి పథకాలు పంచాయతీరాజ్, తాగునీటి శాఖ కింద గ్రామీణ నీటి సరఫరా విభాగం ఆర్‌డబ్ల్యూఎస్‌ఎస్ వాళ్లవి. శాంపిల్ తీయడం, ఫలితం రాయడం, ఆ శాఖకి లేఖ పంపడం వైద్యశాఖ వంతు. లేఖ పంపలేదని అభియోగం పెడితే నిలబడుతుంది, క్లోరిన్ వేయలేదని పెడితే ఆయన ఒక్క డెస్పాచ్ నంబరు చూపించి బయటపడతాడు.

మూడోది ఇంకా చిత్రం. 2013లో బి.వి. గోపీనాథ్ కేసులో కేంద్ర ఆర్థికశాఖకి ఎదురైంది. చర్య మొదలుపెట్టడానికి మంత్రి ఆమోదం ఉంది. మెమో ముసాయిదాని మాత్రం విడిగా మంత్రికి పంపి ఆమోదం తీసుకోలేదు. ఆ మెమో అసలు లేనట్టే అని సుప్రీంకోర్టు అంది. కాబట్టి ఫైలు రెండుసార్లు మంత్రి బల్ల మీదికి వెళ్లాలి, చర్య మొదలుపెట్టడానికి ఒకసారి, అభియోగాల పాఠానికి ఇంకోసారి. రెండోసారి "ముందే చెప్పారుగా" అని సెక్షన్ వాళ్లు దాటేస్తే రెండేళ్ల విచారణ నీళ్లపాలు.

ఇక మైకు సంగతి. ఓరిక్స్ ఫిషరీస్ కేసు, 2010. షోకాజ్ ఇచ్చేటప్పుడే తప్పు చేశాడని తేల్చేసిన మనసుతో ఇస్తే ఆ నోటీసు చెల్లదు. శిక్ష వేయాల్సిన మంత్రే వరండాలో "దోషి, తీసేస్తాం" అన్న వీడియో రిట్ పిటిషన్‌కి జతపరిచే కాగితాల్లో మొదటిది అవుతుంది. కోపం చూపించాలనుకుంటే చూపించొచ్చు, కానీ "విచారణకి ఆదేశించాం" అన్న మాట దాటి ముందుకెళ్తే అధికారికే లాభం.

విచారణలో ఒడిశా పద్ధతిలో శాఖ తరఫున వాదించేవాణ్ణి మార్షలింగ్ ఆఫీసర్ అంటారు. ఈయన్ని నియమించకుండా విచారణాధికారే ప్రశ్నలు వేసి, సాక్ష్యం పోగుచేసి, తీర్పూ రాసేస్తే చెల్లదు. విచారణాధికారి శాఖ తరఫు మనిషి కాకూడదని 2010 సరోజ్ కుమార్ సిన్హా కేసులో ఉంది. ఎఫ్ఐఆర్ జత చేసి "పోలీసు కేసు ఉంది" అంటే కూడా చాలదు, పత్రాన్ని ఎవరో ఒకరు వచ్చి రుజువు చేయాలి, ఇది 2008 రూప్ సింగ్ నేగీ తీర్పు. విచారణ రిపోర్టు కాపీ అధికారికి ఇవ్వాలి, ఇది తప్పనిసరి అని 1993 కరుణాకర్ కేసులో ఉంది. రిపోర్టు "రుజువు కాలేదు" అని వచ్చినా మంత్రి ఒప్పుకోకపోవచ్చు, ఆ హక్కు ఉంది. అప్పుడు ఎందుకు ఒప్పుకోవడం లేదో రాసి ముందు అధికారికి ఇచ్చి, జవాబు విన్నాకే శిక్ష. పెద్ద శిక్షకి ఓపీఎస్సీ (ఒడిశా పబ్లిక్ సర్వీస్ కమిషన్) సలహా కూడా అడగాలి, రాజ్యాంగం 320(3)(సి). అడగకపోయినంత మాత్రాన ఆర్డరు రద్దు కాదని 1957 నాటి తీర్పుంది, కానీ అడిగి ఆ సలహా మీద ఆధారపడితే దాని కాపీ కూడా ముందే ఇవ్వాలి.

మొత్తం ఆరు నెలల్లో, ఎంత కాదన్నా ఏడాదిలో ముగించాలని 2015 ప్రేమ్ నాథ్ బాలీ తీర్పు. మెమో ఇవ్వకుండా సస్పెన్షన్ మూడు నెలలు దాటకూడదని అదే ఏడాది అజయ్ కుమార్ చౌదరి తీర్పు. మీరడిగిన "పక్క జిల్లాలో కుర్చీ"కి ఇది రెండో కారణం. తొంభై రోజులైనా సెక్షన్ నుంచి మెమో కదలదు, కాబట్టి తిరిగి తీసుకోక తప్పదు.

సోంపేట దారి (బరంపురం)

చిన్న మాట. ఇది మన దగ్గరి గొడవ మాత్రమే కాదు. 2025 ఆగస్టులో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ డైరెక్టర్ సుసాన్ మోనరెజ్ ఇక పదవిలో లేరని ఆరోగ్యశాఖ ప్రకటించింది. సెనేట్ ఆమోదంతో అధ్యక్షుడు నియమించిన మనిషిని అధ్యక్షుడే తీయాలని ఆమె లాయర్లు అడ్డం తిరిగారు. ఆ రాత్రే వైట్‌హౌస్ తాము తొలగించామని చెప్పాల్సి వచ్చింది. మన 311(1) లాంటి చిక్కే. తేడా ఏమిటంటే అక్కడ అధ్యక్షుడు చెప్తే సరిపోయింది, ఇక్కడ తర్వాత రూల్ 15 ఉంటుంది.

ఇంతకీ ఎవరూ ఎన్‌హెచ్‌ఎం (జాతీయ ఆరోగ్య మిషన్) వాళ్ల సంగతి ఎత్తలేదు. జిల్లా ప్రోగ్రాం మేనేజర్, ఎపిడమాలజిస్టు, డేటా మేనేజర్, వీళ్లు కాంట్రాక్టు మీద ఉంటారు. జిల్లా స్వాస్థ్య సమితికి కలెక్టరే అధ్యక్షుడు. 311 వీళ్లకి వర్తించదు. పెద్దాయన మీద ఫైలు తిరుగుతుండగానే వీళ్ల కాంట్రాక్టు రెన్యూవల్ ఆగిపోతుంది, ఏ పేపర్లోనూ రాదు. ఒక్క రక్షణ ఉంది: ఆర్డరులో "నిర్లక్ష్యం వల్ల మరణాలు" లాంటి మచ్చ పెడితే అది శిక్ష కిందకి వస్తుంది, సంజాయిషీ వినకుండా ఇవ్వకూడదు. అందుకే తెలిసిన సమితులు "గడువు ముగిసింది" అని ఒకే లైను రాస్తాయి.

వంశధార (గుణుపురం)

సోంపేట దారి గారు చెప్పింది బంగారం లాంటి మాట. పెద్ద ఆఫీసర్ల విషయంలో కూడా చప్పుడు లేని దారి ఒకటుంది, నిర్బంధ పదవీ విరమణ. ఒడిశా సర్వీస్ కోడ్ రూల్ 71(ఎ). దీని మీద దేశమంతా చెప్పుకునే తీర్పు మన ఒడిశాదే, పైగా ఆరోగ్యశాఖదే: బైకుంఠనాథ్ దాస్ వర్సెస్ చీఫ్ డిస్ట్రిక్ట్ మెడికల్ ఆఫీసర్, బరిపద, 1992. ఒక ఫార్మసిస్టుని 1976లో అలా ఇంటికి పంపారు. ఇది శిక్ష కాదు, కాబట్టి ముందు నోటీసు, విచారణ అక్కర్లేదు, మొత్తం సర్వీసు రికార్డు చూసి ప్రభుత్వం నిర్ణయించుకోవచ్చు అని కోర్టు అంది. పెన్షన్ వస్తుంది. రికార్డులో ఆధారమే లేకపోతేనో, దురుద్దేశం ఉంటేనో మాత్రమే కోర్టు ముట్టుకుంటుంది. మంత్రి దగ్గర నిజంగా పదునైన ఆయుధం ఏదంటే నేను దీన్నే అంటాను. దీనికి మైకు అక్కర్లేదు, అందుకే వార్తల్లోనూ కనపడదు.

రిటైర్మెంట్ దగ్గరపడ్డ ఆఫీసరైతే ఇంకో లెక్క. మెమో ముందే ఇచ్చి ఉంటే విచారణ రిటైరయ్యాక కూడా సాగుతుంది, పెన్షన్ కోత దాకా వెళ్లొచ్చు. ఇవ్వకపోతే ఆ సంఘటన నాలుగేళ్లలోపుదై ఉండాలి, ప్రభుత్వ అనుమతి కావాలి. ఒడిశా పెన్షన్ రూల్స్‌లో రూల్ 7, మహారాష్ట్రలో రూల్ 27.

కోర్టు దారి: ఒడిశాలో అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ 2019లో రద్దయింది, 2023 మార్చిలో సుప్రీంకోర్టు ఆ రద్దుని సమర్థించింది. ఇప్పుడు నేరుగా కటక్ హైకోర్టే.

మహేంద్రగిరి (పర్లాకిమిడి)

ఆర్టీఐ ప్రశ్న మిగిలిపోయింది. పేరు పెట్టి "ఆయన చార్జ్ మెమో ఇవ్వండి" అని అడగకండి, తిరిగొస్తుంది. ఉద్యోగికిచ్చిన మెమోలు, షోకాజ్‌లు, శిక్షల వివరాలు వ్యక్తిగత సమాచారమని 2012 గిరీశ్ దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు అంది. 2023 డేటా రక్షణ చట్టం ఆర్టీఐ చట్టంలో వ్యక్తిగత సమాచారం ఇవ్వక్కర్లేదనే 8(1)(జె) క్లాజుని ఇంకా బిగించింది. విచారణ నడుస్తుంటే దర్యాప్తుకి ఆటంకమనే 8(1)(హెచ్) కూడా అడ్డుపెడతారు.

అడగాల్సినవి లెక్కలు. ఆరోగ్యశాఖ పీఐఓకి (సమాచార అధికారికి) రాయండి: గ్రూప్-ఏ వైద్యాధికారుల మీద రూల్ 15 కింద ఫలానా ఏడాది నుంచి ఎన్ని విచారణలు మొదలయ్యాయి, ఏడాది దాటి పెండింగ్ ఎన్ని, రూల్ 12 సస్పెన్షన్లలో తొంభై రోజుల్లోపు మెమో ఇచ్చినవి ఎన్ని, పెద్ద శిక్షతో ముగిసినవి ఎన్ని. పేర్లు వద్దని అప్లికేషన్లోనే రాయండి. ఆ జిల్లా కుర్చీలో ఎవరున్నారన్నది మాత్రం పోస్టింగ్ నోటిఫికేషన్ల నుంచి తెలిసిపోతుంది, శాఖ వెబ్‌సైటులో పెడతారు. మంత్రి ప్రకటన తేదీ పక్కన ఆ నోటిఫికేషన్ తేదీ పెట్టుకుని చూడండి.

నాగావళి గట్టు (రాయగడ)

సోమవారం పోస్టులో వేస్తున్నాను. రూల్ 12, రూల్ 15 విడివిడిగా అడుగుతాను, ఏడాదివారీగా.